మెషిన్ పిస్టల్ చేతికి ఎందుకు లొంగదు

ట్రిగ్గర్ నొక్కి ఉంచితే వరసగా పేలుతూనే ఉండే పిస్టలే మెషిన్ పిస్టల్. నిమిషానికి 1,200 తూటాలు అని ఏ మెషిన్ పిస్టల్ గురించి చదివినా అదేదో గొప్పతనంలా అనిపిస్తుంది. నిజానికి ఆ అంకె ఆ ఆయుధానికున్న జబ్బు. మ్యాగజైన్‌లో 17 తూటాలుంటే ఆ వేగానికి సెకను తిరక్కుండానే ఖాళీ అయిపోతుంది. మొదటి తూటా గురి పెట్టిన చోటికి వెళ్తుంది. రెండోది దానికి పైన. ఆ తర్వాతవి ఎక్కడికి వెళ్లాయో కాల్చినవాడే చెప్పలేడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఆస్ట్రియా వాళ్లు స్టైర్ ఎం1912 పిస్టల్‌ని ఆటోమేటిక్‌గా పేలేలా చేసినప్పటి నుంచీ ఇంజనీర్లు ఈ ఒక్క చిక్కుతోనే కుస్తీ పడుతున్నారు. ఎవరు ఏ దారి పట్టారు, ఏది ఎంతవరకు పనిచేసింది అన్నదే ఈ పోస్టు.

ముందు లెక్క చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ద్రవ్యవేగం చాలు. మామూలు 9×19 తూటాలో (9 మిల్లీమీటర్ల బుల్లెట్, 19 మిల్లీమీటర్ల తొడుగు) ముందుకు దూసుకెళ్లే బుల్లెట్ 8 గ్రాములు, వేగం సెకనుకు 360 మీటర్లు అనుకుంటే 2.9 న్యూటన్-సెకన్లు. బుల్లెట్ వెనకాలే తుపాకీ మందు మండిన వాయువు ఇంకా ఎక్కువ వేగంతో బయటికొస్తుంది. 0.4 గ్రాముల మందుకి మరో 0.4 కలపండి. మొత్తం 3.3 దాకా వస్తుంది. తుపాకీ వెనక్కి తన్నేది సరిగ్గా అంతే. స్ప్రింగ్ మార్చినా, స్లైడ్ (ప్రతి తూటాకీ వెనక్కి వెళ్లి ముందుకొచ్చే పిస్టల్ పై భాగం) బరువు పెంచినా ఈ 3.3 మారదు. అది ఎంతసేపట్లో, ఏ దారిలో చేతికి చేరుతుందన్నది మాత్రమే మన చేతిలో ఉంది.

దీన్ని సెకనుకు పేలే తూటాల సంఖ్యతో గుణిస్తే చేతి మీద పడే సగటు బలం వస్తుంది. నిమిషానికి 1,200 అంటే సెకనుకు 20. అంటే 66 న్యూటన్లు, దాదాపు ఆరున్నర కిలోల బరువుతో సమానమైన నెట్టుడు. ఇప్పుడు దాన్ని తుపాకీ బరువుతో పోల్చండి. నా దృష్టిలో మెషిన్ పిస్టల్‌ని అంచనా వేయడానికి ఇంతకంటే మంచి కొలత లేదు.

పాత ఊజీ సబ్‌మెషిన్ గన్ (రెండు చేతులతో పట్టుకునే, పిస్టల్ తూటాలు పేల్చే ఆటోమేటిక్ తుపాకీ) ఇదే తూటాని నిమిషానికి 600 వేగంతో పేలుస్తుంది. 33 న్యూటన్లు, అంటే మూడున్నర కిలోల లోపు. తుపాకీ బరువు మూడున్నర కిలోలు. నిష్పత్తి ఒకటి. అందుకే ఊజీ పట్టుకు లొంగుతుంది. నిమిషానికి 1,200 పేల్చే మెషిన్ పిస్టల్ గ్లాక్ 18 ఖాళీ బరువు 620 గ్రాముల చుట్టూ ఉంటుంది. 17 తూటాలతో నింపినా కిలో దాటదు. నిష్పత్తి ఏడు! దీనికే 33 తూటాల పొడుగు మ్యాగజైన్ పెడితే ఇంకో విషయం బయటపడుతుంది. ఒక్కో తూటా 12 గ్రాములు, కాబట్టి 33 తూటాలంటే 400 గ్రాములు. కాల్చడం మొదలెట్టినప్పుడు 1.1 కిలోలున్న ఆయుధం ఒకటిన్నర సెకన్లు దాటేసరికి మూడో వంతుకు పైగా బరువు కోల్పోతుంది. మొదట్లో ఆరుగా ఉన్న నిష్పత్తి చివరి తూటాల దగ్గర తొమ్మిది. అంటే ఎప్పుడు ఎక్కువ అదుపు కావాలో అప్పుడే ఆయుధం ఇంకా తేలికైపోతుంది.

అయితే చేతికి బలం చాలదా అంటే, చాలుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్యారెల్ మధ్యగీత, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిస్టల్ కూర్చునే చోటుకి సుమారు మూడు సెంటీమీటర్ల పైన ఉంటుంది. 66 న్యూటన్లని 0.03తో గుణిస్తే 2 న్యూటన్-మీటర్ల మెలి. కిలో పంచదార ప్యాకెట్‌ని మణికట్టుకి 20 సెంటీమీటర్ల అవతల పట్టుకున్నట్టు. ఎవరైనా పట్టుకోగలరు. కానీ ఆ ప్యాకెట్ ఎప్పుడు పడుతుందో ముందే తెలియాలి, చెయ్యి సిద్ధంగా ఉండాలి. మనిషి ఒకదాన్ని గమనించి, కావాలని కండరాన్ని బిగించడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. గ్లాక్ 18 ఆ వ్యవధిలో నాలుగు తూటాలు పేల్చేస్తుంది. పోనీ ముందే గట్టిగా కిందికి అదిమి పట్టుకుంటే మొదటి తూటా గురికి కింద తగులుతుంది. కాబట్టి ఇది బలానికి సంబంధించిన చిక్కు కాదు, సమయానికి సంబంధించింది.

తుపాకీ మూతి ఒక్క డిగ్రీ పైకి లేస్తే పది మీటర్ల దూరంలో తూటా 17.5 సెంటీమీటర్లు పైకి పోతుంది. రెండు తూటాల మధ్య మూడు డిగ్రీలు లేచిందనుకోండి, రెండోది అర మీటరు పైన. ఛాతీకి గురిపెడితే రెండోది తల దగ్గర, మూడోది తల మీదుగా గోడకి. ఇంత చిన్న కోణాల లెక్క ఇది.

మరి పిస్టల్ ఇంత వేగంగా ఎందుకు పేలుతుంది? కావాలని పెట్టిన వేగం కాదది, ఆకారం వల్ల వచ్చిపడింది. స్లైడ్ బరువు అర కిలో కూడా ఉండదు. అది వెనక్కి వెళ్లాల్సిన దూరం తూటా పొడవు కంటే కాస్త ఎక్కువైతే చాలు. 9×19 తూటా పొడవు 29.7 మిల్లీమీటర్లే. తేలికైన వస్తువు, కురచ దూరం, అదే తన్ను. వెళ్లిరావడం 50 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఊజీలో స్లైడ్ పని చేసేది లోపలుండే బోల్ట్. అది చాలా బరువైనది, ఎక్కువ దూరం తిరుగుతుంది. పైగా అది ముందుకు వస్తూ ఉండగానే తూటా పేలుతుంది కాబట్టి తన్నులో కొంత భాగం బోల్ట్‌ని ఆపడానికే ఖర్చవుతుంది. స్ప్రింగ్ గట్టిది వేస్తే వేగం తగ్గుతుందని కొందరు అనుకుంటారు. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. గట్టి స్ప్రింగ్ బోల్ట్‌ని ఇంకా జోరుగా ముందుకు తోస్తుంది, ఆ జోరు తూటాల వేగానికే కలుస్తుంది. నిజంగా పనిచేసేవి బరువు, దూరం, లేదా మధ్యలో కావాలని పెట్టిన ఆలస్యం. ఊజీని చిన్నది చేసి మైక్రో ఊజీగా మార్చినప్పుడు బోల్ట్‌కి చోటు తగ్గింది. ఉన్న చోటులోనే బరువు పెంచడానికి అందులో టంగ్‌స్టన్ ముక్క అమర్చారు. అంత చేసినా వేగం నిమిషానికి 1,200 దగ్గరే ఆగింది.

ఆలస్యం పెట్టే దారిలో అందరికంటే శ్రద్ధగా ఆలోచించింది చెకోస్లొవేకియా. మిరోస్లావ్ రిబార్జ్ రూపొందించిన స్కోర్పియాన్ 1961లో సైన్యంలోకి వచ్చింది. బరువు 1.3 కిలోలు, బ్యారెల్ 115 మిల్లీమీటర్లు, భుజానికి ఆనించడానికి వైరుతో చేసిన మడత బట్. దీని తూటా 7.65 బ్రౌనింగ్, జేబు పిస్టళ్లలో వాడే చిన్న తూటా. యుద్ధానికి ఇంత బలహీనమైన తూటానా అని దాన్ని తక్కువ చేసి మాట్లాడినవాళ్లు చాలామందే. కానీ లెక్క చూడండి. 4.7 గ్రాముల బుల్లెట్, సెకనుకు 320 మీటర్లు, వాయువుతో కలిపి 1.7 న్యూటన్-సెకన్లు. 9×19లో సగం. నిమిషానికి 850 వేగానికి 24 న్యూటన్లు, అంటే రెండున్నర కిలోలు. నిష్పత్తి రెండింతల లోపే. ఊజీకి ఇంత దగ్గరగా వచ్చిన మెషిన్ పిస్టళ్లు అరుదు.

ఆ 850 కూడా ఊరికే వచ్చింది కాదు. అంత చిన్న తూటా, అంత తేలికైన బోల్ట్, అంత కురచ దూరం. వదిలేస్తే వేగం వెయ్యి దాటిపోతుంది. అందుకని పిడిలో ఒక చిన్న యంత్రాంగం పెట్టారు. బోల్ట్ వెనక చివరికి రాగానే ఒక కొక్కెం దాన్ని పట్టి ఆపుతుంది. అదే క్షణంలో బోల్ట్ కొట్టిన దెబ్బకి పిడిలోని గొట్టంలో ఉన్న ఒక బరువు స్ప్రింగ్‌ని నొక్కుకుంటూ కిందికి దూకుతుంది. స్ప్రింగ్ దాన్ని తిరిగి పైకి తోస్తుంది. పైకి వచ్చిన బరువు కొక్కేన్ని తప్పిస్తేగానీ బోల్ట్ ముందుకు కదలదు. ఆ బరువు కిందికి వెళ్లి పైకి వచ్చే కొన్ని మిల్లీసెకన్లే ఇక్కడ కొనుక్కున్న సమయం. ఇందులో అదనపు లాభం ఒకటుంది. బోల్ట్ ఆగి ఉన్నంతసేపూ కింద మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాని పైకి లేపి సరిగ్గా నిలబెట్టడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇది చిన్న విషయం కాదు. వేగం ఎక్కువైనకొద్దీ మెషిన్ పిస్టళ్లు మొరాయించేది ఎక్కువగా మ్యాగజైన్ దగ్గరే. పేర్చిన తూటాల బరువంతా పైకి కదలాలి, ఆగాలి, మ్యాగజైన్ పెదవుల (తూటాని పట్టి ఉంచే పై అంచుల) కింద కుదురుకోవాలి. ఈలోపే బోల్ట్ వచ్చేస్తే అది తూటా మడమని కాకుండా నడుముని తోస్తుంది, లేదా ఏమీ పట్టకుండా ఖాళీగా మూసుకుంటుంది. నిండు మ్యాగజైన్‌లో తూటాల బరువు ఎక్కువ, ఆఖర్న స్ప్రింగ్ బలం తక్కువ. అందుకే ఈ తంటాలు మ్యాగజైన్ మొదట్లోనో చివర్లోనో ఎక్కువగా కనబడతాయి. రెండో రకం మొరాయింపు పట్టు వల్ల వచ్చేది. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్‌తో పాటు ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) కూడా వెనక్కి పోతుంది. రెండింటి మధ్య ఉండాల్సినంత కదలిక ఉండదు, పేలిన తూటా ఖాళీ తొడుగు పూర్తిగా బయటపడక ఇరుక్కుంటుంది. ఒక్కో తూటా కాల్చేటప్పుడు బాగానే ఉన్న పట్టు, వరసగా పేలేటప్పుడు నాలుగో తూటాకి సడలిపోతుంది. ఆయుధం పాడైందనుకుంటారు గానీ సడలింది చెయ్యి.

సోవియట్ వాళ్ల స్టెచ్‌కిన్ 1951లో వచ్చింది. రూపశిల్పి ఇగోర్ స్టెచ్‌కిన్. 9×18 తూటా, 140 మిల్లీమీటర్ల బ్యారెల్, 20 తూటాల మ్యాగజైన్, ఖాళీ బరువు కిలో పైన. ఇందులోనూ పిడిలో వేగం తగ్గించే యంత్రాంగం ఉంది. దాంతో పాటు స్లైడ్ ప్రయాణించే దూరాన్నీ మామూలు పిస్టల్ కంటే పొడిగించారు. నిమిషానికి 750 వేగం, 2.4 న్యూటన్-సెకన్ల తన్ను, అంటే 30 న్యూటన్లు. నిష్పత్తి రెండున్నర చుట్టూ. కాగితం మీద స్కోర్పియాన్‌కి బాగా దగ్గర. అసలు తంటా బట్‌తో వచ్చింది. హోల్‌స్టరే బట్. గట్టి పెట్టెలాంటి ఆ ఒరని పిడి వెనక తగిలించి భుజానికి ఆనించాలి. ట్యాంకు సిబ్బందికీ, ఫిరంగి దళాల వాళ్లకీ ఇచ్చిన ఆయుధమిది. ఇరుకు ట్యాంకులో నడుముకి ఆ పెట్టె వేలాడుతుంటే ఎక్కడం దిగడమే ఇబ్బంది. 1970ల చివర్లో కురచ కలాష్నికోవ్ ఏకేఎస్-74యూ రాగానే సైన్యం దాని వైపు తిరిగింది. తర్వాత ప్రత్యేక పోలీసు దళాలు స్టెచ్‌కిన్‌ని మళ్లీ బయటికి తీసినప్పుడు ఆ పెట్టెని పక్కన పెట్టి, ఒక్కో తూటా కాల్చే పిస్టల్‌లాగే ఎక్కువగా వాడాయి. ఇంజనీరింగ్ బాగుండి కూడా ఆయుధం ఓడిపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

హోల్‌స్టర్-బట్ ఆలోచన అంతకుముందే మౌజర్‌ది. 1930లలో వచ్చిన మౌజర్ ష్నెల్‌ఫోయర్ నిమిషానికి 900కి పైగా పేలేది. చైనాలో ఇవీ, మౌజర్ నమూనాలో స్పెయిన్‌లో చేసిన ఆటోమేటిక్ పిస్టళ్లూ బాగా తిరిగాయి. అక్కడ దీన్ని పక్కకి తిప్పి అడ్డంగా పట్టుకునే పద్ధతి పుట్టింది. మూతి పైకి లేవడాన్ని ఆపలేనప్పుడు దాన్ని పక్కకి తిప్పితే తూటాలు ఆకాశంలోకి కాకుండా అడ్డంగా వరసగా పడతాయి. ఇది అదుపు కాదు. కానీ యంత్రం మారనప్పుడు మనిషి వెతుక్కున్న తెలివైన దారి. స్పెయిన్ అస్త్రా కంపెనీ మాత్రం యంత్రాన్నే మార్చింది. అస్త్రా మోడల్ ఎఫ్ పిడిలో వేగం తగ్గించే అమరిక పెట్టి నిమిషానికి 350 దాకా దించింది. అంత నెమ్మదిగా పేలితే ప్రతి తూటా తర్వాతా మూతి తిరిగి కిందికి వచ్చే వ్యవధి ఉంటుంది, అలవాటైన వేలు ఒక్కో తూటా చొప్పున కూడా వదలగలదు. స్కోర్పియాన్‌కి పాతికేళ్ల ముందే సరైన దారి దొరికిందన్నమాట.

దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది జర్మనీ హెక్లర్ అండ్ కాఖ్ కంపెనీ. 1970లో వచ్చిన వీపీ70 పాలిమర్ (ప్లాస్టిక్) ఫ్రేమ్‌తో వచ్చిన తొలి పిస్టల్. బట్ తగిలిస్తేనే మూడు తూటాల వరస పనిచేస్తుంది. ఆ మూడూ నిమిషానికి 2,200 వేగంతో పోతాయి. తూటాకీ తూటాకీ మధ్య 27 మిల్లీసెకన్లు, మొదటిదానికీ మూడోదానికీ 55. చెయ్యి కదిలేలోపే మూడూ వెళ్లిపోవాలన్నది ఆలోచన. తెలివైనదే కానీ సగమే. ఇదే కంపెనీ తర్వాత జీ11 రైఫిల్‌లో దీన్ని పూర్తిగా అమలు చేసింది. అందులో బ్యారెలూ యంత్రాంగమూ కలిసి లోపలే వెనక్కి జారతాయి, మూడో తూటా వెళ్లాకే భుజానికి దెబ్బ తెలుస్తుంది. వీపీ70లో అలా జారేదేమీ లేదు. ప్రతి తూటా తన్నూ ఎప్పటికప్పుడు చేతికి చేరుతూనే ఉంటుంది.

బెరెట్టా 93ఆర్ మధ్యే మార్గం. మూడు తూటాల వరస, 1,100 వేగం, మూడూ వెళ్లడానికి 109 మిల్లీసెకన్లు. మనిషి కావాలని సర్దుకోవడానికి పట్టే సమయంలో ఇది సగం. అంటే మూడు తూటాల పరిమితి అదుపు కోసం పెట్టింది కాదు, అదుపు ఉండదని ఒప్పుకుని నష్టాన్ని మూడు దగ్గర ఆపడం. ఇందులో నాకు బాగా నచ్చేది ముందుకి మడతపడే చిన్న పిడి. ఎడమ చేతి బొటనవేలు పెద్దగా చేసిన ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరుతుంది, మిగతా వేళ్లు ఆ పిడిని పట్టుకుంటాయి. మూతికి దగ్గరగా పట్టు దొరికింది కాబట్టి అదే బలానికి మెలిని ఆపే శక్తి పెరుగుతుంది. చెక్ కంపెనీ సీజెడ్ 75 ఆటోమేటిక్‌కి ఇంకా సులువైన ఉపాయం వేసింది. అదనపు మ్యాగజైన్‌నే ముందు తగిలించి పిడిగా పట్టుకోవచ్చు.

మూతి దగ్గర గాట్లు పెట్టి వాయువుని పైకి వదిలే కాంపెన్సేటర్ల మీద ఆశలు ఎక్కువ పెట్టుకోకూడదు. అవి పనిచేసేది వాయువుతో. 5.56 రైఫిల్ తూటాలో 1.6 గ్రాములకి పైగా మందుంటే 9×19లో 0.4 గ్రాములే. మొత్తం తన్నులో వాయువు వాటా ఎనిమిదో వంతు. అంతా పైకి మళ్లించినా ఎంత లాభం? గ్లాక్ 18సీలో గాట్లు పెట్టారు, కొంత మేలు చేశాయి. వేగం మాత్రం అలాగే ఉంది.

చివరికి పరిష్కారం పిస్టల్ అనిపించుకోవడం మానేశాక దొరికింది. 1992లో వచ్చిన స్టైర్ టీఎంపీలో బ్యారెల్ తన చుట్టూ తాను కొంచెం తిరుగుతూ లాక్ అవుతుంది. బోల్ట్ బరువు మీదే ఆధారపడక్కర్లేదు కాబట్టి 1.3 కిలోల్లోనే 9×19ని 900 వేగం దాటకుండా నడిపారు. ముందు పిడి కూడా ఫ్రేమ్‌లో భాగమే. దానికి లేనిది బట్. హక్కులు కొన్న స్విస్ కంపెనీ బీ అండ్ టీ దాన్ని ఎంపీ9గా మార్చినప్పుడు మొదట చేర్చింది మడత బట్. నిష్పత్తి లెక్కన ఎంపీ9 మూడున్నర, స్టెచ్‌కిన్ కంటే ఎక్కువే. అయినా మెరుగ్గా అదుపులో ఉంటుంది. ఎందుకంటే భుజం, ముందు చెయ్యి, ట్రిగ్గర్ చెయ్యి అని మూడు చోట్ల పట్టు ఉంది, బట్ వదులుగా ఊగదు, తన్ను దాదాపు సూటిగా భుజంలోకి పోతుంది. నిష్పత్తి లెక్క ఎంత బలం వస్తుందో చెబుతుంది. దాన్ని ఎక్కడ ఆపాలో బట్ చెబుతుంది.

అమెరికాలో మామూలు పిస్టళ్లని చట్టవిరుద్ధంగా ఆటోమేటిక్‌గా మార్చే పరికరాల బెడద పెరిగింది. అలా మారినదానికి బట్ లేదు, ముందు పిడి లేదు, వేగం తగ్గించే యంత్రాంగం లేదు. పైన చెప్పిన నిష్పత్తుల్లో అందరికంటే చెడ్డది అదే. వీధిలో అలాంటిది పేలితే గురిపెట్టినవాడి కంటే పక్కింటి కిటికీ వెనకున్నవాళ్లకే ప్రమాదం ఎక్కువ. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ట్రిగ్గర్ నొక్కి ఉంచితే పేలుతూనే ఉండే తుపాకుల్ని నిషిద్ధ ఆయుధాల్లో చేర్చింది. ఈ లెక్కలు తెలిసినవాళ్లెవరూ ఆ నిబంధనని తప్పుపట్టలేరు.

మన దేశంలో ఈ రకంలో వచ్చినది అస్మి. పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏఆర్‌డీఈ, మధ్యప్రదేశ్‌లోని మహూలో ఉన్న సైన్యం ఇన్‌ఫాంట్రీ స్కూల్ కలిసి రూపొందించగా 2021 జనవరిలో ప్రకటించారు. సైన్యం వాడే 9 ఎంఎం తూటానే, పై భాగం విమానాల తరగతి అల్యూమినియం, కింది భాగం కార్బన్ ఫైబర్, నమూనాల్లో ట్రిగ్గర్ భాగాలు లోహపు త్రీడీ ప్రింటింగ్‌తో. తయారుచేసింది హైదరాబాద్‌కి చెందిన లోకేశ్ మెషీన్స్. 2024లో నార్తర్న్ కమాండ్ కోసం 550 తీసుకున్నారు. పేరుకి మెషిన్ పిస్టల్ అన్నా దీనికి ఎనిమిది అంగుళాల బ్యారెల్, భుజానికి ఆనించే బట్ ఉన్నాయి. బ్యారెల్ పొడవు వల్ల తూటా వేగం కొంచెం పెరుగుతుంది, దాంతో తన్నూ కొంచెం పెరుగుతుంది. కానీ ముందు పట్టుకోవడానికి చోటు దొరుకుతుంది, మూతి దగ్గర బరువు పడుతుంది, పైకి లేవడం తగ్గుతుంది. దీన్ని చూసేవాళ్లు నిమిషానికి ఎన్ని తూటాలని అడిగే ముందు, బట్ తెరిచి భుజానికి ఆనించి కీలు దగ్గర ఎంత ఊగుతుందో చూడాలి.